చర్లపల్లి గేటు దాటాక

కరుడుగట్టిన నేరస్థుడు మారతాడా? మేడ్చల్ జిల్లాలోనే ఈ ప్రశ్నకు రెండు మూడు జవాబులున్నాయి. ఒకదానితో ఒకటి పొసగని జవాబులు.

2021 జనవరి చివర్లో హైదరాబాద్ పోలీసులు మైన రాములు అనే మనిషిని అరెస్టు చేసి మీడియా ముందు నిలబెట్టారు. సంగారెడ్డి జిల్లా కంది మండలం వాడు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం 2003 నుంచి అప్పటిదాకా 18 మంది ఆడవాళ్లను చంపాడు. కల్లు కాంపౌండ్ దగ్గర ఒంటరిగా కనిపించిన మనిషితో మాట కలిపేవాడు, కలిసి తాగేవాడు, ఊరి బయటికి తీసుకెళ్లేవాడు. ఆ తర్వాత ఒంటి మీది నగలు మాయం. ముక్కుపుడక, కాళ్ల కడియాలు, మెడలో పుస్తెలు. చనిపోయిన వాళ్లలో చాలామంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. కొందరు కనిపించకుండా పోయారని ఫిర్యాదు ఇచ్చేందుకైనా వెనక మనిషి లేనివాళ్లు.

ఆ రోజు పోలీసులు చదివిన చిట్టాలో మనం ఆగి చూడాల్సినవి తేదీలు. ఒక హత్య కేసులో 2011లో జీవిత ఖైదు పడింది. అదే ఏడాది డిసెంబరులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నుంచి తప్పించుకున్నాడు. బయట ఉన్నన్నాళ్లూ మళ్లీ హత్యలు. 2013లో దొరికాడు. హైకోర్టులో అనుకూలంగా తీర్పు రావడంతో 2018 అక్టోబరులో విడుదలయ్యాడు. ఆ తర్వాత శామీర్‌పేట, పటాన్‌చెరు పోలీస్ స్టేషన్ల పరిధిలో మరో రెండు హత్యలు చేశాడని కేసులు. మళ్లీ జైలు. 2020 జూలై ఆఖరున మళ్లీ విడుదల. అదే డిసెంబరులో మళ్లీ రెండు హత్యలు. ఒకటి శామీర్‌పేట దాటాక వచ్చే ములుగు దగ్గర, ఇంకొకటి ఘట్‌కేసర్ వైపు.

ఇలాంటి వార్త చదివాక మేడ్చల్ హోటల్లో చాయ్ తాగుతున్న మనిషిని “నేరస్థులు మారతారా అన్నా?” అని అడిగితే ఏమంటాడో చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతం వాళ్ల మనసులో రాములు ఒక్కడే లేడు. జిల్లా సరిహద్దు దాటితే బొమ్మలరామారం మండలం. అక్కడి హాజీపూర్‌లో ముగ్గురు ఆడపిల్లలను చంపి పాడుబడ్డ బావుల్లో పడేసిన సంగతి 2019 ఏప్రిల్‌లో బయటపడింది. ఆ కేసులో 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు మరణశిక్ష వేసింది. ఆ రెండింటి మధ్యలోనే దిశ అత్యాచారం, హత్య ఘటన. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసుల కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చాక, పూలు చల్లిన వాళ్లలో నొచ్చుకున్నవాళ్లు ఎక్కువమంది ఉంటారని నేననుకోను. “వాడు మారడు” అన్న మాట మన దగ్గర గుండె మంటలోంచి వస్తుంది. ఆ మంటకు కారణముంది. పరివర్తన గురించి రాసేవాళ్లు ముందు ఆ మంటకు జవాబు చెప్పాలి.

రాములు చిట్టాను ఇంకోసారి చదవండి. శిక్ష ఉంది, ఆసుపత్రి ఉంది, పరారీ ఉంది, అరెస్టు ఉంది, అప్పీలు ఉంది, విడుదల ఉంది, మళ్లీ అరెస్టు ఉంది. లోపల ఉన్న ఏళ్లలో ఈ మనిషి ఎందుకిలా చేస్తున్నాడని ఎవరైనా తేల్చారా, విడుదలయ్యే రోజున ఇతని వల్ల ప్రమాదమెంత అని ఎవరైనా అంచనా కట్టారా, బయటికొచ్చాక ఎక్కడుంటున్నాడు, ఏం తింటున్నాడు అని ఎవరైనా కన్నేశారా అంటే, ఆ గళ్లు ఆ చిట్టాలో లేనే లేవు. రాములును చూపించి మనుషులు మారరని తీర్పు చెప్పేస్తాం. నాకైతే ఆ కథలో మనిషి కంటే ముందు ఖాళీ గళ్లే కనిపిస్తాయి.

అలాగని ఆ గళ్లు నింపి ఉంటే అతను మారిపోయేవాడని నేను చెప్పను. కొందరిని బయటికి వదలకూడదు. అలాంటివాళ్లు ఉంటారు, తక్కువమందే అయినా ఉంటారు. వాళ్లెవరో తేల్చే పని ఎవరు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

గోడ లేని జైలు

శామీర్‌పేట నుంచి ముప్పావుగంట ప్రయాణం చేస్తే చర్లపల్లి. ఇదీ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లానే. ముషీరాబాద్‌లోని పాత జైలును ఖాళీ చేసినప్పుడు ఖైదీలను ఇక్కడి సెంట్రల్ జైలుకు తరలించారు. ముషీరాబాద్ స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. చర్లపల్లి సెంట్రల్ జైలుకు ఎత్తయిన గోడలున్నాయి, వాచ్ టవర్లున్నాయి. దాని పక్కనే ఇంకో జైలుంది. దాని అధికారిక పేరు ఖైదీల వ్యవసాయ క్షేత్రం. జనం నోట ఓపెన్ జైలు. అక్కడ పొలం పని ఉంటుంది, పాడి ఉంటుంది, తోటలుంటాయి. పారిపోవాలనుకున్నవాడికి గోడ దూకాల్సిన పని లేదు, నడిచి వెళ్లిపోవచ్చు. అయినా వాళ్లు పొద్దున పనికి వెళ్లి సాయంత్రం బ్యారక్‌కు వస్తారు, హాజరు చెప్పుకుంటారు.

వీళ్లలో ఎక్కువమంది హత్య కేసుల్లో జీవిత ఖైదు పడ్డవాళ్లు. చిల్లర దొంగలు ఇక్కడ ఉండరు. ఈ సంగతి విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. నిజానికి జైలు సిబ్బందిలో ఎవరిని అడిగినా చెప్పే మాటే ఇది: జీవిత ఖైదీని నమ్మొచ్చు, మూడు నెలలకోసారి వచ్చిపోయే సెల్‌ఫోన్ దొంగను నమ్మలేం. గట్టు తగాదాలోనో, ఇంటి గొడవలోనో, తాగిన మైకంలోనో ఒక్కసారి చెయ్యెత్తి జీవితం పోగొట్టుకున్నవాడు మళ్లీ హత్య చేయడం అరుదు. చాలా దేశాల లెక్కల్లో, మళ్లీ అదే నేరంతో జైలుకు వచ్చేవాళ్లలో హంతకులు అట్టడుగున ఉంటారు. దొంగతనాలు, మత్తుమందులు పైన ఉంటాయి. నేరం ఎంత ఘోరమైనదో, మనిషి అంత కరుడుగట్టినవాడని మనం అనుకుంటాం. ఆ రెండూ వేర్వేరు కొలతలు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సత్ప్రవర్తన కింద 213 మంది ఖైదీలను ముందస్తుగా విడుదల చేసింది. అందులో 205 మంది జీవిత ఖైదీలు, 35 మంది మహిళలు. చర్లపల్లిలో కార్యక్రమం పెట్టి, జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ సౌమ్యా మిశ్రా సమక్షంలో పంపించారు. యాభై వేల రూపాయల పూచీకత్తు, మూడు నెలలకోసారి జిల్లా ప్రొబేషన్ అధికారి ముందు హాజరు వంటి షరతులు పెట్టారు. కొందరికి జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో పని చూపించారు, కుట్టుపని నేర్చిన ఆడవాళ్లకు మిషన్లిచ్చారు. ఆ కార్యక్రమంలో నాకు నచ్చింది కుట్టు మిషన్. పుస్తకం, పూలదండ, హితబోధ ఎవరైనా ఇస్తారు. మిషన్ ఇచ్చినవాడు రేపటి గురించి ఆలోచించినట్టు.

ఒక్క మెలిక ఉంది. ఓపెన్ జైలుకు పంపేందుకు ఎంపిక జరుగుతుంది. పదే పదే నేరం చేసినవాళ్లకు, పారిపోయిన చరిత్ర ఉన్నవాళ్లకు ఆ జాబితాలో చోటుండదు. భద్రత దృష్ట్యా అది సబబే. ఫలితం మాత్రం ఇది: మారడానికి అన్ని అవకాశాలూ ఎలాగూ మారబోయేవాడికి దొరుకుతాయి. ఎవరి గురించి మనకు భయమో వాడు ఎత్తు గోడల వెనక బ్యారక్‌లో కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటాడు, ఒక రోజు రెండు చేతులూ ఊపుకుంటూ బయటికొస్తాడు.

దొంగ తయారయ్యే చోటు

దేశంలోని జైళ్లలో 2022 చివరికి 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్లు. చట్టం ప్రకారం వాళ్ల చేత కన్విక్టుల మాదిరి పని చేయించకూడదు. నేరమే తేలనప్పుడు పరివర్తన మాట ఎక్కడిది? కాబట్టి జైల్లో వడ్రంగం, బేకరీ, సబ్బుల తయారీ, చదువు, కౌన్సెలింగ్ అని మనం వినేవన్నీ ముఖ్యంగా మిగిలిన పాతిక మందికే.

మేడ్చల్ పారిశ్రామికవాడ పక్కన బస్తీలో పుట్టిన పందొమ్మిదేళ్ల పిల్లాణ్ని ఊహించుకోండి. బైకు దొంగతనం కేసు. రిమాండు. బెయిలొచ్చినా జామీను పెట్టే మనిషి లేక నాలుగు నెలలు లోపలే. ఆ నాలుగు నెలలూ వాడికి పని లేదు, చదువు లేదు. పక్కన మాత్రం పది కేసులు చూసిన పెద్దన్న ఉన్నాడు. తాళం ఎలా తీయాలో, సరుకు ఎవరికి అమ్మాలో, ఏ వకీలు తక్కువకు వస్తాడో అక్కడే తెలుస్తుంది. బయటికొచ్చే రోజున ఒక్కోసారి గేటు దగ్గర ఇంకో స్టేషన్ పోలీసులు ఇంకో కేసు పీటీ వారెంటుతో నిలబడి ఉంటారు. ఇలా మూడుసార్లు తిరిగితే వాడి పేరు పక్కన ‘పాత నేరస్థుడు’ అని పడుతుంది. కరుడుగట్టిన నేరస్థుణ్ని ఎలా మార్చాలని సెమినార్లు పెడుతున్నాం గానీ, ఆ కరుడు కట్టేది ఈ మూడు విడతల్లోనే.

రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో వి.కె. సింగ్ జైళ్ల శాఖ అధిపతిగా ఉండగా ఇక్కడ చాలా మార్పులు జరిగాయి. వేలిముద్ర వేసి లోపలికొచ్చిన మనిషి సంతకం చేసి బయటికెళ్లాలని అక్షరాస్యత కార్యక్రమం నడిపారు. ఖైదీలను కొట్టడం, ములాఖత్‌కు లంచం వంటివాటి మీద కత్తి దూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లలో ‘ఉన్నతి’ అనే శిక్షణ మొదలుపెట్టారు. కోపం వచ్చిన క్షణానికీ చెయ్యి లేచిన క్షణానికీ మధ్య మనిషి ఏమనుకుంటాడో అతని చేతే చెప్పించి, ఆ ఆలోచనను మార్చే పద్ధతి అది. ప్రవచనం కాదు, సాధన. ఇలాంటి పనులు అధికారి ఉత్సాహాన్ని బట్టి పుంజుకుంటాయి, బదిలీని బట్టి చల్లారతాయి. మన పరిపాలనలో ఇది పాత జబ్బే, జైళ్లకు మాత్రమే పట్టినది కాదు.

నల్సార్ గోడల మధ్య

శామీర్‌పేట అనగానే చాలామందికి చెరువు, జింకల పార్కు, రాజీవ్ రహదారి పక్కన రిసార్టులు గుర్తొస్తాయి. ఇక్కడే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయముంది. ఉరిశిక్ష పడ్డ ఖైదీల మీద దేశంలో అందరికంటే లోతుగా పనిచేసిన బృందం ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో ఉండేది. 2025లో అది నల్సార్‌కు వచ్చి స్క్వేర్ సర్కిల్ క్లినిక్ అనే పేరుతో కొనసాగుతోంది. మరణశిక్ష పడ్డ 88 మందిని పరీక్షించి 2021లో ఈ బృందం ఒక నివేదిక ఇచ్చింది. నూటికి 62 మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉంది. నూటికి 11 మందికి బుద్ధి ఎదుగుదలలో లోపముంది. వీళ్లు చేసిన నేరాలు ఘోరమైనవి కావని ఎవరూ అనడం లేదు. ఉరి తీయమన్న కోర్టుకు ఈ సంగతి తెలియాలా వద్దా అన్నదే ప్రశ్న.

తెలియాలనే సుప్రీంకోర్టు చెబుతోంది. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు ప్రకారం, ఫలానా మనిషి మారే అవకాశం లేదని రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదే. 2022లో మనోజ్ కేసులో ఇంకాస్త ముందుకు వెళ్లి, శిక్ష వేసే ముందు ముద్దాయి పుట్టు పూర్వాలు, మానసిక స్థితి, జైల్లో నడత తెప్పించుకుని చూడాలంది. వీటన్నిటికీ ముందే మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక చిన్న కేసుంది. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన యువకుడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మూడేళ్ల శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించి ఊరుకోలేదు. జైల్లో ఇతనికి బుర్రకు పదును పెట్టే పని ఇవ్వండి, పెరోల్ మీద ఇంటికి పంపుతూ ఉండండి, మనుషుల మధ్య బతకడం మరిచిపోనివ్వకండి అని రాశారు. లా కాలేజీల్లో ఇప్పటికీ ఈ తీర్పు చెబుతారు. తీర్పు చదివిన క్లాసుకూ, అది అమలు కావాల్సిన బ్యారక్‌కూ మధ్య దూరం మేడ్చల్ జిల్లాలో పాతిక కిలోమీటర్లకు మించదు.

స్టూవర్టుపురం లెక్క

తెలుగువాళ్లకు ఈ విషయంలో వందేళ్ల అనుభవముంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న స్టూవర్టుపురం మన దేశంలో జరిగిన అతి పెద్ద ‘సంస్కరణ’ ప్రయోగాల్లో ఒకటి. ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. రెండు మూడేళ్లలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి ఒక సెటిల్‌మెంట్ కట్టారు. మద్రాసు గవర్నర్ సలహామండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. హాజరు పిలుపు, ఊరు దాటితే పాసు, కొంతమందికి చీరాల పొగాకు కంపెనీలో పని. కాపలా ఉంది, పని ఉంది, ప్రార్థన ఉంది. అయినా నలభై ఏళ్ల తర్వాత, 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయ్యే నాటికి ఆ ఊరి పేరు చెబితే దొంగతనం అన్న అర్థమే స్థిరపడింది. కాపలాతో మారింది ఊరి పేరు మాత్రమే.

చట్టం పోయినా ముద్ర పోలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. తలుపు మార్చారు గానీ ఇల్లు అదే. కోస్తాలో ఎక్కడ కన్నం పడినా పోలీసు జీపు ముందు ఆ ఊరికే వెళ్లేది. ఆ ఊరి పేరుమోసిన దొంగ టైగర్ నాగేశ్వరరావు 1980లో పోలీసు కాల్పుల్లో చనిపోయాక ఆ పేరు కథలకెక్కింది, తర్వాత సినిమాకెక్కింది. తెలుగు సినిమా ఆ ఊరికి చేసిన అపకారం తక్కువది కాదు.

1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, కవి గుర్రం జాషువా కూతురు హేమలత లవణం ఆ ఊళ్లో అడుగుపెట్టారు. ‘సంస్కార్’ సంస్థ ద్వారా ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల దారి వేరు. నిఘాను పక్కన పెట్టి మనుషుల ఇళ్లలోకి వెళ్లారు. దొంగతనం మానేస్తామన్నవాళ్లను ప్రభుత్వం ముందుకు తీసుకొచ్చి, మీరు వీళ్లను వేధించడం మానేయండని ప్రభుత్వాన్నీ అడిగారు. అంటే బేరం రెండు పక్కలా ఉంది. పిల్లల చదువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. తండ్రి మారినా మారకపోయినా కొడుకు చేతికి ఇంకో బతుకుదెరువు రావాలని వాళ్ల లెక్క. తర్వాతి తరంలో ఆ ఊరి నుంచి టీచర్లొచ్చారు, రైల్వేలో, ప్రభుత్వ కొలువుల్లో చేరినవాళ్లొచ్చారు. హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు. అంత పని చేసినా ఆ ఊరి యువకుడు అద్దె ఇంటికి వెళ్లి ఊరి పేరు చెబితే యజమాని ముఖం మారుతుంది. మనిషి మారినంత తొందరగా పక్కవాడి చూపు మారదు.

2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులం ఆధారంగా పని పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే రాతలనూ తప్పుపట్టింది. వందేళ్ల కింద స్టూవర్టుపురానికి వేసిన ముద్ర నిన్నమొన్నటి దాకా జైలు రిజిస్టర్లలో బతికే ఉందన్నమాట.

ఎవరికి సర్టిఫికెట్?

పరివర్తన పేరుతో మన రాష్ట్రాల్లో జరిగిన మోసాలు కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఈ కథనం సగమే అవుతుంది.

నయీం సంగతి భువనగిరి, మేడ్చల్ వైపు ప్లాటు కొన్నవాళ్లెవరూ మరిచిపోరు. 1993 జనవరిలో ఎల్బీ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను చంపిన కేసులో నిందితుడు. నక్సలైటుగా మొదలై, జైలుకెళ్లి, అక్కడి నుంచి పోలీసులకు పనికొచ్చే మనిషిగా మారాడు. ఆ అండతోనే నగరం చుట్టూ భూముల సెటిల్‌మెంట్లు, బెదిరింపులు, హత్యలు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ మనిషిని ఎవరూ మార్చాలని చూడలేదు, వాడుకున్నారు. ప్రభుత్వం నేరస్థుణ్ని పనిముట్టుగా చేసుకుంటే చివరికి ప్లాటు కాగితాలు పోగొట్టుకునేది మామూలు మనిషే.

ఇంకోవైపు రాజకీయ పలుకుబడి. ఎమ్మెల్యే భర్త గౌరు వెంకటరెడ్డికి హత్య కేసులో పడ్డ శిక్షను 2005లో గవర్నర్ తగ్గిస్తే, 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. క్షమాభిక్ష ఇచ్చేటప్పుడు పార్టీ, కులం వంటివి చూడకూడదంది. ఎమ్మెల్యే భర్త దరఖాస్తు కదిలినంత వేగంగా, వకీలు లేని కూలీ దరఖాస్తు కదలదు. పధ్నాలుగేళ్లు నిండినా తన పేరు జాబితాలో ఎందుకు లేదో తెలియని జీవిత ఖైదీకి సత్ప్రవర్తన అన్న మాట మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

అమెరికా ఒకటి నేర్చుకుంది

1974లో రాబర్ట్ మార్టిన్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు జైళ్లలో సంస్కరణ కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలన్నీ చదివి, దాదాపు ఏదీ పనిచేయడం లేదని రాశాడు. రాజకీయ నాయకులకు అది వరమైంది. చదువు, శిక్షణ నిధులు కోసి జైళ్లు కట్టారు. 1979లో అదే మార్టిన్సన్, తాను తొందరపడ్డానని, కొన్ని కార్యక్రమాలు పనిచేస్తున్నాయని ఒప్పుకున్నాడు. అప్పటికి వినే చెవి లేదు. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ విడుదలైన ప్రతి ముగ్గురిలో ఇద్దరు మూడేళ్లలోపే మళ్లీ అరెస్టయ్యారు.

అదే దేశంలో రాబర్ట్ సాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు, బాస్టన్‌లో బాల నేరస్థులుగా నమోదైన 500 మందిని డెబ్బై ఏళ్ల వయసు దాకా వెంబడించిన సమాచారాన్ని విశ్లేషించారు. ఆ పిల్లల్లో ఎవరు మారతారో చిన్నప్పుడు చూసి చెప్పడం సాధ్యం కాలేదు. నిలకడైన పని, నమ్మే భార్య, పాత అడ్డా నుంచి దూరం దొరికినవాళ్లు ఎక్కువగా దారిలో పడ్డారు. వయసు కూడా తన పని తాను చేసింది. ఇందులో మన అవ్వలకు తెలియనిది ఏముందని మీరంటే నేను కాదనను. “పెళ్లి చేస్తే దారికొస్తాడు” అని పిల్లనిచ్చి ఆ పిల్ల గొంతు కోయడం మాత్రం వేరే సంగతి, దాన్ని ఈ పరిశోధన మీద రుద్దొద్దు.

మన దేశంలోనే రాజస్థాన్‌లోని సాంగానేర్ ఓపెన్ జైలు 1963 నుంచి నడుస్తోంది. ఖైదీలు భార్యాపిల్లలతో అక్కడే ఉంటారు, పొద్దున బయటికెళ్లి సంపాదించుకుంటారు, సాయంత్రం హాజరు చెబుతారు. తిండి ఖర్చు వాళ్లదే. శిక్ష పూర్తయ్యేనాటికి వాళ్లకు పని ఉంటుంది, సంసారం ఉంటుంది. చర్లపల్లి పొలంలో పండించడం నేర్చుకున్న ఖైదీ మాత్రం ఊరికి వెళ్లేసరికి భూమి అన్నదమ్ములు పంచుకుని ఉంటారు.

గేటు బయట

కాబట్టి మళ్లీ మేడ్చల్‌కే వద్దాం. విడుదలైన మనిషికి మొదటి వారంలో కావాల్సినవి పెద్దవేమీ కావు. పడుకునే చోటు, చెల్లుబాటయ్యే ఆధార్, బ్యాంకు ఖాతా, రోజు కూలీ. మేడ్చల్, గుండ్లపోచంపల్లి, అత్వెల్లి, తుర్కపల్లి వైపు ఫ్యాక్టరీలు, గోదాములు వరుసగా ఉన్నాయి. మనుషులు దొరకడం లేదని యాజమాన్యాలు బీహార్, ఒడిశా నుంచి రప్పించుకుంటున్నాయి. అయినా జైలు నుంచి వచ్చినవాడికి అక్కడ గేటు తెరుచుకోదు. పోలీసు వెరిఫికేషన్ కాగితం అడుగుతారు, ఆ కాగితంలో కేసు కనిపిస్తుంది. సెక్యూరిటీ ఏజెన్సీలు మొదటి రోజే వద్దంటాయి. చివరికి ఏ ప్రశ్నా అడగకుండా చేర్చుకునేది భూమి సెటిల్‌మెంట్ గ్యాంగు ఒక్కటే. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఎకరాలు కోట్లయిన చోట వాళ్లకూ మనుషులు కావాలి కదా.

పోలీసుల పాత్ర ఇక్కడ సగం సగం. పండగలకు, ఎన్నికలకు రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు, బైండోవర్ చేస్తారు. ఏళ్ల తరబడి కేసు లేనివాళ్ల షీటు మూసేసిన అధికారులూ ఉన్నారు. ఇంకోవైపు, బెయిలొచ్చిన మనిషిని బయట తిరగనివ్వకుండా 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం (పీడీ యాక్ట్) కింద ఏడాది దాకా లోపల పెట్టడం మనకు అలవాటైంది. 2022లో మల్లాడ శ్రీరామ్ కేసులోనూ, 2023లో అమీనా బేగం కేసులోనూ సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులను దీని మీదే గట్టిగా మందలించింది. విచారణ లేకుండా ఏడాది లోపల గడిపి వచ్చినవాడికి చట్టం మీద గౌరవం పెరుగుతుందని ఎవరైనా నమ్ముతారా?

బాధితుల మాట లేకుండా ఇదంతా ఏకపక్షమే. చంపినవాడు విడుదలవుతున్నాడని చనిపోయినవాళ్ల ఇంటికి ముందుగా చెప్పే ఏర్పాటు గట్టిగా ఉండాలి. ఖైదీ కూలీలో కొంత భాగం బాధితులకు చేరేలా చట్టం చేయమని 1998లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు సూచించింది. మారానని చెప్పే మనిషి ఆ మాటను మొదట చెప్పాల్సింది ఆ ఇంటికి. ప్రతి నెలా చేరే కొద్దిపాటి సొమ్ము ఆ మాటకు సాక్ష్యమవుతుంది. హాజీపూర్‌లో కూతుళ్లను పోగొట్టుకున్నవాళ్లను క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, ఏ సంస్కర్తకూ లేదు. వాళ్లు క్షమించనక్కర్లేదు కూడా. పరివర్తన కార్యక్రమం నడిచేది వాళ్ల క్షమ మీద కాదు, ఇంకో ఇంట్లో అలాంటి ఏడుపు రాకూడదన్న లెక్క మీద.

నా తీర్పు ఇది. కరుడుగట్టినవాళ్లలో ఎక్కువమంది మారతారు, వయసుతో, పనితో, నమ్మే ఒక మనిషితో. కొందరు మారరు. ఎవరు ఏ గుంపో తేల్చే మనస్తత్వ నిపుణులు ప్రతి సెంట్రల్ జైల్లో సరిపడా ఉండాలి. మారేవాళ్లకు మొదటి ఏడాది తోడుండే ప్రొబేషన్ అధికారులు కావాలి. ప్రమాదకరమైనవాళ్ల మీద విడుదల తర్వాత కూడా కోర్టు అదుపులో నిఘా ఉండాలి. జైలు గోడ మీద పెడుతున్న ఖర్చులో చిన్న వంతు చాలు దీనికి.

మేడ్చల్ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ నడిపేవారికి ఒక మాట: చర్లపల్లి సూపరింటెండెంట్ ఆఫీసుకు వెళ్లి, ఈ ఏడాది విడుదలయ్యేవాళ్లలో వెల్డింగ్, కుట్టు, వడ్రంగం వచ్చినవాళ్ల జాబితా అడగండి. ఇద్దరిని తీసుకోండి. ఓటర్లకు ఇంకో మాట: విడుదలైనవాళ్లలో ఒక ఏడాదికి, మూడేళ్లకు ఎంతమంది మళ్లీ అరెస్టయ్యారో జైలు వారీగా, నేరం వారీగా ఏటా బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెట్టమని మీ ఎమ్మెల్యేకు ఉత్తరం రాయండి.